బెజవాడ, గుంటూరు ఎండల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

విజయవాడలోను గుంటూరులోను ఏప్రిల్ నడిమి నుంచి జూన్‌లో తొలకరి పడేదాకా, ముఖ్యంగా రోహిణి కార్తె రోజుల్లో, పగటి ఉష్ణోగ్రత 42 నుంచి 45 డిగ్రీల దాకా పోవడం మనకు కొత్త కాదు. ఏసీ లేని పై అంతస్తు గదిలో పొద్దు గూకిన తరువాత కూడా శ్లాబు వేడిని వదులుతూనే ఉంటుంది కాబట్టి, రాత్రి తొమ్మిదింటికి సైతం గది 36, 37 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. ప్రాసెసర్లను, వాటిని చల్లబరిచే కూలర్లను పరీక్షించి ప్రకటించే అంకెలు మాత్రం సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో తీసినవి. గాలితో పనిచేసేదైనా, ద్రవంతో పనిచేసేదైనా, మామూలు కూలర్ ఏదీ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. గది 15 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అక్కడ 75 దగ్గర ఆగిన ప్రాసెసర్ ఇక్కడ 90కి చేరడంలో కూలర్ తప్పు ఏమీ లేదు. అందువల్ల మన ప్రాంతంలో ఏ సమస్యనైనా గది ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకున్న తరువాతే విచారించాలని నా గట్టి అభిప్రాయం.

ఏ భాగాన్ని విప్పకముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోవాలి. మొదటిది గది ఉష్ణోగ్రత. దీనికి గోడ థర్మామీటరు చాలు, కాని దాన్ని క్యాబినెట్ గాలి పీల్చుకునే చోటికి దగ్గరగా ఉంచాలి. రెండోది కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పటి ప్రాసెసర్ ఉష్ణోగ్రత, మూడోది ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ వంటి పరీక్షను పది నిమిషాలు నడిపిన తరువాతి ఉష్ణోగ్రత. ఈ రెండింటినీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. మూడో అంకెలోంచి మొదటిదాన్ని తీసివేస్తే వచ్చే తేడాయే రోగ నిర్ధారణకు ఆధారం. 65 వాట్ల తరగతి (తయారీ సంస్థ ప్రకటించే స్థాయి) ప్రాసెసర్ మీద మంచి టవర్ కూలర్ (నిలువుగా రేకుల దొంతర, పక్కన ఫ్యాన్ ఉండేది) ఉంటే ఈ తేడా 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండడం మామూలు. తేడా మామూలుగానే ఉండి మొత్తం అంకె మాత్రం ఎక్కువగా ఉంటే లోపం గదిదో, భాగాల ఎంపికదో అవుతుంది. తేడాయే 65, 70 ఉంటే లోపం క్యాబినెట్ లోపల ఉన్నట్టు.

లక్షణం: గేమ్ గాని వీడియో రెండరింగ్ గాని మొదలైన కాసేపటికి వేగం పడిపోతుంది

ప్రాసెసర్ తన గరిష్ఠ ఉష్ణోగ్రతకు చేరినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆ హద్దు ఏఎండీ సంస్థ రైజెన్ 7000 వరుసలో చాలా వాటికి 95 డిగ్రీలు, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89 డిగ్రీలు, ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలా వాటికి 100 డిగ్రీలు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి: 7950ఎక్స్ వంటి పెద్ద రైజెన్‌లు పూర్తి భారం మీద 95 దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారైనవి కాబట్టి, 95 కనబడగానే పాడైందని కంగారు పడనక్కరలేదు. ఆ సమయంలో ప్రాసెసర్ వేగం ఎన్ని గిగాహెర్ట్జ్ దగ్గర నిలుస్తోందో చూడాలి. అది ప్రకటించిన కనీస వేగం కంటే కిందికి జారుతుంటేనే మరమ్మతు అవసరం.

కారణాన్ని వేరుచేయడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్షను మళ్లీ నడపాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు, అంతకు మించి తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడడం లేదని అర్థం. ఏమీ తగ్గకపోతే కూలర్‌ను గాని, దాని బిగింపును గాని, థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడి కూలర్‌కు చేరేలా రెండింటి మధ్య పూసే ముద్దను) గాని అనుమానించాలి.

గాలి ఆడకపోవడానికి మన ఇళ్లలో మొదటి కారణం కంప్యూటర్ టేబుల్. కింద మూడు వైపులా చెక్కతో మూసిన అరలో క్యాబినెట్‌ను పెట్టి, ముందు తలుపు కూడా వేస్తే, అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఆ అరలోంచి బయటికి తీసి, వెనక గోడకు జానెడు దూరం వదిలి, నేల మీద కాకుండా చిన్న ఎత్తుపీట మీద పెడితే ఖర్చు లేకుండానే తేడా కనబడుతుంది. రెండో కారణం ముందు భాగమంతా అద్దం ఉన్న క్యాబినెట్. చూపుకు బాగుంటుంది గాని, మన వాతావరణంలో ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌నే ఎంచుకోవాలి. ముందు నుంచి రెండు 120 లేక 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి పంపాలి. పంపేదాని కంటే లాగేది కాస్త ఎక్కువగా ఉంటే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము చొరబడడం తగ్గుతుంది. ఫ్యాన్ చట్రం మీద బాణం గుర్తు ఉంటే దిశ తెలుస్తుంది. లేకపోతే ఊచలున్న వైపు నుంచి గాలి బయటికి పోతుందని గుర్తుంచుకుంటే చాలు. ముందు ఫ్యాన్ తిరగేసి బిగించిన అసెంబుల్డ్ సిస్టంలు అరుదేమీ కాదు.

తలుపు తీసినా ఉష్ణోగ్రత తగ్గకపోతే కూలర్‌ను విప్పవలసిందే. అడుగున అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించారేమో చూడాలి. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు నొక్కుడు పిన్నులు ఉంటాయి. వాటిలో ఒకటి సగమే దిగినా కూలర్ ఒక పక్కకు ఒరిగి, ప్రాసెసర్‌కు పూర్తిగా ఆనదు. మదర్‌బోర్డు వెనక వైపు నుంచి చూస్తే నాలుగు పిన్నుల కొసలూ సమానంగా బయటికి వచ్చాయా లేదా తెలుస్తుంది. స్క్రూలతో బిగించే కూలరైతే ఒక మూల కొద్దిగా, దాని ఎదుటి మూల కొద్దిగా తిప్పుకుంటూ బిగించాలి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచి, శనగగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మే నెలలో హద్దు తగులుతుంటే, కొత్త కూలర్ కొనేముందు విద్యుత్ పరిమితిని తగ్గించి చూడడం మేలు. రైజెన్ 5 7600ఎక్స్ 105 వాట్ల తరగతిది, నిజానికి 142 వాట్ల దాకా తీసుకుంటుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికలు మార్చే చోట) 65 వాట్ల ఎకో మోడ్ పెడితే అది 88 వాట్ల దగ్గర ఆగుతుంది, గేముల్లో తగ్గే వేగం చాలా స్వల్పం. కోర్ ఐ7-14700కే గరిష్ఠంగా 253 వాట్లకు రూపొందినది. చాలా మదర్‌బోర్డులు కొన్నప్పటి అమరికలో ఆ హద్దును కూడా ఎత్తివేసి ఉంచుతాయి. దాన్ని 150 వాట్ల దగ్గర కట్టడి చేస్తే మన గదుల్లో కూడా మంచి టవర్ కూలర్ దాన్ని మోయగలుగుతుంది. మన వాతావరణంలో ఇంతకంటే చవకైన, నమ్మదగిన మందు నాకు తెలియదు.

లక్షణం: ఏ హెచ్చరికా లేకుండా కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోతుంది, లేదా మళ్లీ మొదలవుతుంది

దీనికి ఎక్కువమంది ప్రాసెసర్ వేడినే కారణంగా చెబుతారు. కాని వేగం తగ్గే దశ ఏదీ లేకుండా నేరుగా ఆగిపోతే ముందు ఎస్ఎంపీఎస్‌ను (క్యాబినెట్ లోపల భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టెను), యూపీఎస్‌ను అనుమానించాలి. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనబడుతుంది గాని, కరెంటు హఠాత్తుగా పోయిందన్న సంగతికి మించి అది ఏమీ చెప్పదు. ప్రాసెసర్ పరీక్ష ఒక్కటే, తరువాత గ్రాఫిక్స్ కార్డు పరీక్ష ఒక్కటే, చివరికి రెండూ కలిపి నడపాలి. విడివిడిగా నడిచి, కలిపినప్పుడు మాత్రమే ఆగిపోతే శక్తి చాలడం లేదు.

ఇళ్లలో ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లే. రైజెన్ 5 7600కు 88, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115, మిగిలిన భాగాలకు 50, మానిటర్‌కు 30 వాట్లు వేసుకుని, ఎస్ఎంపీఎస్‌లో పోయే నష్టాన్ని కూడా కలిపితే 320 దాటుతుంది. అంటే ఆ యూపీఎస్ అంచున నిలబడి ఉన్నట్టే. అంతకంటే పెద్ద కార్డు ఉంటే 1000 వీఏకు తగ్గకూడదు. కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతుంటే మరో సంగతి చూడాలి: యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమర్థంగా తీసుకునేలా చేసే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు చవక యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్లుగా మారే కరెంటు తరంగం సరిపడదు, లైన్ కరెంటులా నున్నని సైన్ వేవ్ ఇచ్చే యూపీఎస్‌ను తీసుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవారు దాని వెనక ఉండే మీటను ఎకో మోడ్‌లో కాకుండా యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి, ఎందుకంటే ఎకో మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధి కంప్యూటర్ తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ కావచ్చు.

ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు వాట్ల అంకెతో పాటు, ఆ వాట్లను ఎన్ని డిగ్రీల వద్ద ఇవ్వగలదో చూడడం మన ప్రాంతంలో తప్పనిసరి. కొన్నిటికి 40 డిగ్రీల వద్ద, మెరుగైన వాటికి 50 డిగ్రీల వద్ద పూర్తి శక్తి హామీ ఉంటుంది. ఎండాకాలంలో క్యాబినెట్ లోపలి గాలి 40 దాటుతుంది కాబట్టి మొదటి రకం ఇక్కడ తన పూర్తి శక్తిని ఇస్తుందని నమ్మడానికి వీల్లేదు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 85 డిగ్రీలవి కాక 105 డిగ్రీలవి ఉండాలి. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. 80 ప్లస్ ముద్ర విద్యుత్ ఆదాను మాత్రమే చెబుతుంది, మన్నికను చెప్పదు.

లక్షణం: క్యాబినెట్‌ను తాకితే జిల్లుమంటుంది

దీన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. ఎస్ఎంపీఎస్ ప్రవేశ భాగంలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు పెట్టె మీద సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. ప్రవాహం స్వల్పమే అయినా, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోవడానికి ఇది ఒక కారణం కాగలదు, స్పైక్ గార్డు కూడా పూర్తిగా పనిచేయదు. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్‌లో ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించాలి. అది దాదాపు 230 ఉండాలి. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన పాత ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోయి పట్టు కోల్పోతుంది, కాబట్టి వారానికి రెండుసార్లు రెండు బిందెల నీళ్లు పోయాలి. సాకెట్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేసి పని అయిందనిపించే పద్ధతిని మాత్రం ఎవరు సూచించినా ఒప్పుకోకూడదు. న్యూట్రల్ తెగిన రోజున పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది.

లక్షణం: ఏడాదిలోపే ఉష్ణోగ్రతలు పెరిగాయి, ఫ్యాన్ల రొద ఎక్కువైంది

కారణం దుమ్ము. అయితే ఆ దుమ్ము ఎలాంటిదన్నది ఉన్న చోటును బట్టి మారుతుంది. గుంటూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల దగ్గర దూది నూగు కూలర్ రేకుల మధ్య పొరలా పేరుకుంటుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల గ్రైండింగు పనుల నుంచి లేచే ఇనుప రజను విద్యుత్తును మోస్తుంది కాబట్టి అన్నిటికంటే ప్రమాదకరం. అక్కడ ఫిల్టర్ లేని క్యాబినెట్ వాడకూడదు. దోమల చుట్టలు, అగరొత్తుల పొగ దుమ్మును జిగటగా మారుస్తాయి. ప్లగ్ తీసి, బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు. క్యాబినెట్ వెనక, అదనపు కార్డుల కోసం ఉండే ఖాళీ సందుల మూత రేకులు తిరిగి బిగించాలి. బల్లులు, బొద్దింకలు ఆ సందుల్లోంచే దూరి బోర్డు మీద షార్టుకు కారణమవుతాయి. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఇంట్లో విప్పకూడదు, ప్లగ్ తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

లక్షణం: పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మందగిస్తుంది

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అంటే మదర్‌బోర్డుకే నేరుగా బిగించే వేగవంతమైన స్టోరేజీ. దాని ఉష్ణోగ్రత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో 70 డిగ్రీలు దాటి కనబడితే వేడి కారణం కావచ్చు. మదర్‌బోర్డుతో వచ్చిన లోహపు రేకును బిగించాలి, దాని అడుగు ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొరను మరవకుండా తీయాలి. వేడి మామూలుగా ఉంటే అది ఎస్ఎస్‌డీ క్యాష్ (వేగంగా రాసుకోవడానికి వాడే తాత్కాలిక చోటు) నిండడమే, మరమ్మతు లేదు.

లక్షణం: ద్రవ కూలర్ నుంచి గలగల శబ్దం వస్తుంది

లోపలి గాలి బుడగ పంపు దగ్గరికి చేరింది. రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తున ఉండేలా తిరిగి అమర్చాలి. ద్రవ కూలర్ కూడా చివరికి గది గాలితోనే చల్లబడుతుంది కాబట్టి, 65 వాట్ల ప్రాసెసర్‌కు దాన్ని కొనడం అనవసరమైన ఖర్చు.

లక్షణం: ఉష్ణోగ్రతలు బాగానే ఉన్నా గేములు మధ్యలో మూసుకుపోతాయి

ఇంటెల్ 13, 14వ తరాల ప్రాసెసర్లలో శక్తిమంతమైన రకాలు అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఆ సంస్థే అంగీకరించి, బయోస్ ద్వారా సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదనే తప్పుడు సందేశం దీనికి ఒక గుర్తు. బయోస్‌ను కొత్తదానికి మార్చాలి. అప్పటికే దెబ్బతిన్నదాన్ని సవరణ బాగుచేయలేదు కాబట్టి, సమస్య కొనసాగితే వారంటీలో మార్పించుకోవాలి. ఇతర ప్రాసెసర్లయితే బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అమరికను తీసేసి ర్యామ్‌ను మామూలు వేగంతో నడిపి చూడాలి.

కొత్తగా అసెంబుల్ చేయించుకునేవారు షాపు ఏసీలో పది నిమిషాలు నడిచిందని తృప్తి పడకుండా, ఇంటికి తెచ్చిన వారంలోనే మిట్ట మధ్యాహ్నం, క్యాబినెట్ తలుపు మూసి, వాడబోయే చోటనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పరీక్షలను కలిపి అరగంట నడపాలి. శీతాకాలంలో కొంటే, వచ్చిన అంకెకు 12 నుంచి 15 డిగ్రీలు కలుపుకొని చూడాలి. ఆ మొత్తం ప్రాసెసర్ హద్దును దాటితే, షాపువారితో మాట్లాడి ముందు క్యాబినెట్‌ను, ఆ తరువాత కూలర్‌ను మార్పించుకోవడం సరైన వరుస.