కంప్యూటర్ మరమ్మతు – 5వ పాఠం: తప్పు కార్డుదా, పవర్ సప్లైదా?

గత పాఠంలో ర్యామ్‌ తీసి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాం. ప్రాసెసర్ వేడెక్కడం లేదని కూడా తేల్చుకున్నాం. అయినా గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్ చతికిలబడుతోందంటే అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికో, పవర్ సప్లై మీదికో పోతుంది. చాలామంది ముందు కార్డే మార్చేస్తారు. పాడైతే ఖరీదైనదే పాడవుతుందని ఎందుకో ఒక నమ్మకం!

ముందుగా కంప్యూటర్ ఆగిపోయే తీరు గమనించండి. తెర నల్లబడినా పాట వినిపిస్తూనే ఉంటే కార్డునో, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌నో అనుమానించాలి. స్విచ్ కట్టేసినట్టు మొత్తం ఒక్కసారిగా ఆరిపోతే పవర్ సప్లై వైపు చూడాలి. ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు వచ్చే బయాస్ తెర మీదే గళ్లూ రంగుల మచ్చలూ కనిపిస్తే, మానిటర్ కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే కార్డులోని మెమరీ దెబ్బతిని ఉండవచ్చు. విండోస్ డ్రైవర్ ఇంకా లోడ్ కాలేదు కనుక ఆ నేరం దానిది కాదు.

విండోస్ తన లోపాలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు కనబడగానే పవర్ సప్లై పోయిందని తీర్మానించకండి. కిందటిసారి కంప్యూటర్ సవ్యంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం.

ఇక కేబుళ్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. 6 పిన్నుల కనెక్టర్ మరో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. కార్డుకు 8 పిన్నుల సాకెట్లు రెండుంటే, రెండు తలల కేబుల్ ఒక్కటే తగిలించి సరిపెట్టకండి. విడివిడిగా రెండు కేబుళ్లు వేయండి. ఒకసారి ఈ ఒక్క మార్పుతోనే నా కంప్యూటర్ కుదుటపడింది. అప్పటికే కార్డును రెండు వారాలు తిట్టుకున్నాను. వేరే పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ మాత్రం వాడవద్దు. సరిగ్గా పట్టినా లోపల తీగల వరుస వేరుగా ఉండవచ్చు, కార్డు కాలిపోవచ్చు.

అప్పటికీ ఆగిపోతుంటే, కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు వాడుకోగల విద్యుత్తు హద్దును, 70 శాతానికి తగ్గించి అదే గేమ్ ఆడండి. ఆగకుండా నడిస్తే పవర్ సప్లై మీద అనుమానం బలపడినట్టే. నేటి కార్డులు కొన్ని మిల్లీసెకన్లపాటు తమ లెక్కకు మించి కరెంటు లాగుతాయి. ఆ తాకిడికి పవర్ సప్లైలోని రక్షణ వ్యవస్థ అన్నీ ఆపేస్తుంది. అయితే నీరసించిన కార్డు కూడా భారం తగ్గితే కుదురుగా ఉంటుంది. అందుకే తుది తీర్పు కోసం బాగా పనిచేస్తున్న మరో పవర్ సప్లై తెచ్చి పెట్టి చూడాల్సిందే.

పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, ఫ్యాన్ తిరిగితే చాలనుకునే పరీక్ష ఒకటుంది. పవర్ సప్లై పూర్తిగా చచ్చిపోలేదని తప్ప, బరువు మోయగలదో లేదో దానితో తేలదు. పవర్ సప్లై డబ్బా మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

వచ్చే పాఠంలో కార్డు పనిలో ఉండగా 12 వోల్టుల లైను 11.4కు, 12.6కు మధ్య నిలుస్తోందో లేదో మల్టీమీటర్‌తో కొలుద్దాం. ఈలోగా కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ సమయం, తెర తీరు, శబ్దం ఒక కాగితం మీద రాసి ఉంచండి.