సర్వర్‌కు పని లేదు, ఖర్చు మాత్రం ఆగదు: క్లౌడ్‌లో వృథా విద్యుత్తును పట్టుకోవడం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు తెలుగువాళ్లు నడిపే చిన్న ఆఫీసుల్లో కూడా లెక్కలు క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లకు, ఎక్కాయి. మూల్ ఊరి రైస్ మిల్లు ధాన్యం ఖాతా ముంబైలోని ఏదో ఒక డేటా సెంటర్‌లో ఉంటుంది. ఆ డేటా సెంటర్ వాడే గ్రిడ్‌కే మన ఊరి పక్కనున్న 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం కూడా కరెంటు పంపుతుంది. కాబట్టి సర్వర్ దుబారా మనకు మరీ దూరపు సంగతేమీ కాదు.

సమస్య: డ్యాష్‌బోర్డులో అన్నీ ఉన్నాయి, కరెంటు లెక్క లేదు

మనం అద్దెకు తీసుకునేది వర్చువల్ మెషీన్, అంటే ఒక పెద్ద యంత్రంలో మనకిచ్చిన వాటా. అసలు యంత్రం మీద ఇంకా ఎందరో ఉంటారు. విద్యుత్తును కొలిచే ప్రాసెసర్ కౌంటర్లను అద్దెదారుకు సాధారణంగా చూపించరు. కంపెనీ ఇచ్చే కార్బన్ నివేదిక నెలవారీ లెక్క. నిన్న రాత్రి రెండు గంటలకు ఏం జరిగిందో అది చెప్పదు.

పరిష్కారం: మీ మెషీన్‌లోని కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) సంఖ్యను అవి నడిచిన గంటలతో గుణించి, ఆ నెలలో జరిగిన పనితో భాగించండి. వెయ్యి బిల్లులకు ఎన్ని కోర్-గంటలు పట్టాయో తెలుస్తుంది. ఆ సంఖ్య నెలనెలా ఎటు పోతోందో చూస్తే చాలు. రూపాయలను మాత్రం కొలతగా పెట్టుకోవద్దు. ఏడాది ఒప్పందం చేసుకుంటే ధర తగ్గుతుంది, వాట్లు తగ్గవు. బిల్లు తగ్గిందని సంబరపడేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

సమస్య: ప్రాసెసర్ వాడకం రోజంతా ఐదారు శాతం దాటదు

అసలు దుబారా ఇదే. ధాన్యం కొనుగోళ్ల రద్దీకి సరిపోవాలని పెద్ద మెషీన్ తీసుకుంటారు. సీజను పోయినా దాన్ని ఎవరూ మార్చరు. సర్వర్ ఖాళీగా ఉన్నా కరెంటు తాగుతూనే ఉంటుంది. గరిష్ఠంగా వాడే విద్యుత్తులో దాదాపు సగం పనేమీ లేనప్పుడు కూడా ఖర్చవుతుందని గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌లే 2007లోనే రాశారు. కొత్త యంత్రాలు కొంత మెరుగు, అయినా సున్నాకు రావు.

వెంటనే మెషీన్ పరిమాణం తగ్గించేయకండి. ముందు మెమరీ చూడండి. అమెజాన్ క్లౌడ్‌లో వాడకాన్ని చూపే క్లౌడ్‌వాచ్ మెమరీ వాడకాన్ని తనంతట తాను చూపదు, మెషీన్ లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టాలి. పైగా మామూలు పద్ధతిలో అది ఐదు నిమిషాలకొక విలువే ఇస్తుంది. అరనిమిషం పాటు వచ్చే ఒత్తిడి ఆ సగటులో కలిసిపోతుంది. కనీసం రెండు వారాలు నిమిషం చొప్పున కొలిచి, మెమరీ కూడా సగం దాటకపోతే అప్పుడు ఒక మెట్టు చిన్న మెషీన్‌కు మారండి. రాత్రిపూట ఎవరూ వాడని పరీక్షా సర్వర్లయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, సాయంత్రం ఆపి పొద్దున మొదలుపెట్టే షెడ్యూలు పెట్టేయండి. మీ మెషీన్ ఆగినంత మాత్రాన కింది యంత్రం ఆగదు నిజమే. కానీ ఖాళీ అయిన చోటును కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది, కొత్త యంత్రం అవసరం తగ్గుతుంది. ఆపిన మెషీన్‌కు తగిలించిన డిస్కులు మాత్రం అలాగే ఉంటాయి. ఏ మెషీన్‌కూ తగిలించని అనాథ డిస్కులనూ, పాత స్నాప్‌షాట్లనూ (డిస్కుల నకళ్లనూ) నెలకోసారి ఏరిపారేయాలి.

సమస్య: ఎవరూ లేని వేళ వాడకం గ్రాఫ్ పైకి లేస్తోంది

బ్యాకప్ కావచ్చు, విఫలమై పదేపదే ప్రయత్నించే పని కావచ్చు, లేదా మీ పర్యవేక్షణే కావచ్చు. ఐదు సెకన్లకోసారి కొలతలు లాగి, ప్రతి లాగ్‌నూ (మెషీన్ రాసుకునే చిట్టాను) ఏడాది దాచే ఏర్పాటు తానే ఒక భారం. ఇలాంటి చోట నిమిషానికి ఒక కొలత చాలు. విఫలమైన పనికి ప్రతి ప్రయత్నం తర్వాత విరామం పెరిగేలా, కొన్ని ప్రయత్నాల తర్వాత ఆగిపోయేలా రాయండి.

రాత్రే నడవాలన్న నియమం లేని నివేదికలు, లెక్కల సరిచూపు ఉంటే మధ్యాహ్నానికి మార్చి చూడండి. గ్రిడ్‌లో సౌర విద్యుత్తు ఎక్కువగా ఉండేది అప్పుడే. మిల్లు రద్దీగా ఉండే నవంబరు, డిసెంబరు మధ్యాహ్నాల్లో మాత్రం ఈ మార్పు చేయకండి. గుమాస్తాలు బిల్లులు కొట్టేదీ అదే సమయం.