గ్లాకోమాను సకాలంలో గుర్తించి చూపును నిలబెట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పెద్దవారికి చూపు తగ్గిందంటే ఇంట్లో వారికి ముందుగా తోచేది శుక్లం. శుక్లానికి ఆపరేషన్ చేసి లెన్స్ అమర్చితే చూపు తిరిగి వస్తుంది కనుక, పంట చేతికి వచ్చాక చూపించుకుందామని వాయిదా వేయడం మనకు అలవాటైపోయింది. నీటికాసులు అని కూడా పిలిచే గ్లాకోమా విషయంలో ఆ అలవాటు చాలా ప్రమాదకరం. ఈ జబ్బు వల్ల పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ శస్త్రచికిత్సతోనూ తిరిగి రాదు. మిగిలిన చూపును నిలబెట్టడం వరకే వైద్యం చేయగలదు.

ముందుగా, కంటిలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

కంటి ముందు భాగంలో ఒక స్వచ్ఛమైన ద్రవం ఎప్పుడూ ఊరుతూ, కనుపాప చుట్టూ ఉండే రంగు పొర అంచున జల్లెడ వంటి కణజాలం గుండా బయటకు పోతూ ఉంటుంది. ఆ దారి మందగించినా, మూసుకుపోయినా కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేరవేసే నరంలోని పీచులు క్రమంగా నశిస్తాయి. ఆ నరంలో పది లక్షలకు పైగా పీచులు ఉంటాయి కనుక కొన్ని పోయినా మనిషికి తేడా తెలియదు. సాధారణంగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. అయితే ఆ హద్దులోనే ఉన్నా నరం దెబ్బతినేవారు ఉన్నారు, హద్దు దాటినా నరం బాగానే ఉండేవారూ ఉన్నారు. అందువల్ల ఒత్తిడి అంకె ఒక్కటి చూసి జబ్బు ఉందనీ, లేదనీ తేల్చకూడదు.

మీకు ఏ రకం వచ్చే అవకాశం ఉందో గమనించండి

ద్రవం పోయే మూల తెరిచే ఉండి, జల్లెడ మాత్రం నెమ్మదించే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్క చూపు కొద్దికొద్దిగా తగ్గుతుంది, కానీ ఒక కంటి లోటును రెండో కన్ను పూడ్చడం వల్ల రోగికి తెలియదు. నడుస్తూ గుమ్మాన్ని, బల్లను తగులుకోవడం, పక్కనుంచి వచ్చే సైకిల్‌ను గమనించకపోవడం వంటివి మొదలయ్యేసరికే జబ్బు చాలా ముదిరి ఉంటుంది.

మూల మూసుకుపోయే రకం కొందరిలో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఒక కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, అదే వైపు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించడం దీని గుర్తులు. వాంతులను చూసి పైత్యమనో, తలనొప్పిని చూసి మైగ్రేన్ అనో భావించి మాత్రలు మింగిస్తూ రాత్రంతా గడిపితే ఆ కన్ను దక్కకపోవచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా, అదే రోజున కంటి వైద్యులు ఉన్న ఆసుపత్రికి చేరాలి.

మూడో రకం మరో కారణం వల్ల వచ్చేది. మన ప్రాంతంలో దీనిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో చాలా భాగం నివారించదగినదే. శుక్లం బాగా ముదిరి ఉబ్బితే అదే కంటి ఒత్తిడిని పెంచుతుంది. కనుక శుక్లం పండాలని ఎదురుచూడటంలో మంచేమీ లేదు. కర్ర, బంతి, వెదురు చువ్వ కంటికి బలంగా తగిలితే, గాయం మానిన ఏళ్ల తరువాత కూడా ఒత్తిడి పెరగవచ్చు. మధుమేహం ముదిరి కంటిలో కొత్త రక్తనాళాలు పుట్టినా ఇదే జరుగుతుంది. అన్నిటికంటే బాధ కలిగించేది స్టెరాయిడ్ చుక్కల మందు. వేసవిలో పిల్లల కళ్లు దురదపెడితే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ వంటి చుక్కలు వేయగానే దురద తగ్గుతుంది, అందుకని ప్రతి ఏడూ అదే సీసా కొంటారు. వారాలు, నెలల తరబడి అలా వాడితే కంటి ఒత్తిడి పెరిగి, పాఠశాల వయసులోనే నరం దెబ్బతినవచ్చు. చీటీ లేకుండా ఏ కంటి చుక్కలూ కొనవద్దు. వైద్యులు రాసినవైనా వారు చెప్పిన గడువు దాటి వాడవద్దు.

పరీక్షకు వెళ్లండి, ఏ పరీక్ష కావాలో అడగండి

నలభై ఏళ్లు దాటినవారు, తల్లిదండ్రుల్లోగాని తోబుట్టువుల్లోగాని గ్లాకోమా ఉన్నవారు, మధుమేహులు, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారు, స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడుతున్నవారు ఏ బాధా లేకపోయినా కంటి వైద్యులతో పూర్తి పరీక్ష చేయించుకోవాలి. కళ్లజోళ్ల షాపులో అక్షరాల బోర్డు చదివించి పవర్ చూడటం ఈ పరీక్ష కాదు. ఎందుకంటే ఎదుటి చూపు చివరి దాకా బాగానే ఉండి, బోర్డుపై కింది వరుస చదవగలిగేవారిలో కూడా జబ్బు ముదిరి ఉండవచ్చు. ఒత్తిడి కొలవడం, మూల తెరిచి ఉందో లేదో ప్రత్యేక లెన్స్‌తో చూడటం, కంటి నరాన్ని పరిశీలించడం, అనుమానం ఉంటే పక్క చూపును కొలిచే పెరిమెట్రీ, నరం పొర మందాన్ని చూపే ఓసీటీ స్కాన్ చేయడం, ఇవీ జరగవలసినవి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో మొదలుపెట్టి, అక్కడ లేని పరీక్ష అవసరమైతే విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లవచ్చు. ప్రతి నివేదికనూ ఒకే ఫైలులో దాచండి. మొదటి పెరిమెట్రీ కాగితం లేకపోతే, జబ్బు ఆగిందో పెరుగుతోందో తరువాత చూసే వైద్యులు పోల్చి చెప్పలేరు.

మందు రాసే ముందే మీ ఇతర జబ్బులు చెప్పండి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వారు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల వారు, ఈ మాటను గట్టిగా గుర్తుంచుకోవాలి. కంటి ఒత్తిడిని వేగంగా దించడానికి ఇచ్చే అసిటజోలమైడ్ మాత్ర కిడ్నీ దెబ్బతిన్నవారికి హాని చేయగలదు. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంత ఉందో, డయాలసిస్ జరుగుతోందో లేదో కంటి వైద్యులకు మీరే ముందుగా చెప్పి, రక్తపరీక్ష కాగితం చూపించాలి. అలాగే ఆస్తమా ఉన్నవారికి, గుండె వేగం తక్కువగా ఉన్నవారికి కంటి ఒత్తిడిని తగ్గించే టిమొలాల్ చుక్కలు సరిపడవు. కంట్లో వేసిన చుక్క ముక్కు గుండా రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది.

చుక్కలు సరిగ్గా, తప్పకుండా వేసుకోండి

చాలామందికి చికిత్స చుక్కలతోనే మొదలవుతుంది. లాటానోప్రోస్ట్ వంటివి రోజుకు ఒకసారి, రాత్రిపూట వేయాలి; వీటి వల్ల కొంత ఎరుపు, రెప్పవెంట్రుకలు పొడవు పెరగడం, రెప్ప చర్మం నల్లబడటం ఉండవచ్చు. చేతులు కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్పను కిందికి లాగి ఒక్క చుక్క వేయాలి. సీసా మొన కంటికి తగలకూడదు. తరువాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాల పాటు వేలితో నొక్కి ఉంచితే మందు కంటిలోనే నిలుస్తుంది. రెండో రకం మందు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీని దానిపై రాసి, నెల దాటాక కొత్తది వాడాలి.

చుక్కలు వేసినా చూపు మెరుగుపడినట్లు అనిపించదు, ఆపినా వెంటనే ఏమీ తెలియదు. మందు మానేయడానికి ఇదే పెద్ద కారణం. మన జిల్లాల నుంచి హైదరాబాద్, చెన్నై వంటి నగరాలకు పనికి వెళ్లేవారి విషయంలో రైలు ఎక్కే ముందు సంచిలో బట్టలతో పాటు రెండు నెలల మందు, చీటీ నకలు ఉండేలా ఇంటివారే చూడాలి. చేతులు వణికే ముసలివారికి రాత్రి భోజనం కాగానే మనవడో మనవరాలో చుక్క వేసే ఏర్పాటు ఉంటే మంచిది.

లేజర్, ఆపరేషన్ అంటే వెనకాడవద్దు

మూల మూసుకుపోయే ప్రమాదం ఉన్నవారికి కంటి రంగు పొరలో లేజర్‌తో చిన్న రంధ్రం చేస్తారు. నిమిషాల్లో పూర్తయి అదే రోజు ఇంటికి రావచ్చు. తెరిచి ఉన్న రకంలో ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ కొందరికి చుక్కల అవసరాన్ని ఏళ్లపాటు తప్పిస్తుంది. వీటితో ఒత్తిడి అదుపులోకి రాకపోతే ద్రవానికి కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ, అదీ చాలకపోతే సన్నని గొట్టం అమర్చే ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ తరువాత కన్ను ఎర్రబడినా, చీము కారినా, నొప్పి పుట్టినా ఏళ్లు గడిచాక అయినా సరే వెంటనే చూపించాలి. ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని సహాయ కౌంటరులో అడగండి.

ఇంటిల్లిపాదినీ చూపించండి

ఒకరికి జబ్బు ఉందని తేలిన నెలలోనే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పిల్లలను పరీక్షకు తీసుకువెళ్లాలి. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే గ్లాకోమా అవకాశం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 3,300 మంది శిశువుల్లో ఒకరికి ఉంటుందని లెక్క. పసిబిడ్డకు అసాధారణంగా పెద్ద కళ్లు ఉంటే ముచ్చటపడి దిష్టి తీసి ఊరుకోకండి. వెలుతురుకు కళ్లు మూసుకోవడం, ఎప్పుడూ నీరు కారడం, నల్లగుడ్డు నీలిరంగుగానో తెల్లగానో మసకబారడం కనిపిస్తే, అమ్మ బాలింతగా ఉన్నా సరే, బిడ్డను ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పసివారికి సాధారణంగా ఆపరేషనే అవసరమవుతుంది.