పాము పేరు తేల్చే పని మీది కాదు: చెన్నై వానలకు ముందు జాగ్రత్తలు

మొన్న మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో చక్కర్లు కొట్టింది. చెన్నై ఓఎంఆర్ రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంటు పార్కింగులో ఓ కుర్రాడు జానెడున్నర పామును చేత్తో పట్టుకుని, "భయపడకండి ఆంటీ, ఇది వుల్ఫ్ స్నేక్. చూడ్డానికి కట్లపాములా ఉంటుందంతే, విషం లేదు" అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపిస్తున్నాడు. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. తెల్లారేసరికి అతను వెంటిలేటర్ మీద ఉన్నాడు. అది కట్లపాము పిల్ల. వేలికి పన్ను తగిలిన సంగతి అతనికి తెలుసు. నొప్పి లేదు కదా అని భోంచేసి పడుకున్నాడు. అర్ధరాత్రి వాళ్లమ్మ లేచి చూడబట్టి బతికాడు.

నేను ఈ ఊళ్లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా పనిచేస్తున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంబాక్కం, ముడిచూర్ వైపు చెరువుల పక్కన, చిత్తడి నేలల్లో లేచిన కాలనీల్లో కన్నాలు నీళ్లతో నిండితే పాములు మెట్ల కిందికి, షూ ర్యాకుల్లోకి వస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క తప్పు గురించి. పాము పేరు మనమే తేల్చేసుకుని, విషం లేనిదని నిర్ణయించుకుని, ఇంట్లో కూర్చోవడం. నా కళ్ల ముందు ప్రాణాలు తీసిన తప్పు అదే.

విషం లేని జీవి విషమున్నదాని రంగూ రూపూ చూపించి బతికిపోవడం ప్రకృతిలో మామూలే. అమెజాన్ అడవుల్లో 11 ఏళ్లు తిరిగిన హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1862లో దీన్ని వివరించాడు. పక్షులు ముట్టని చేదు సీతాకోకచిలుకల్లాగే కనిపించి, తినదగ్గవి కూడా తప్పించుకుంటున్నాయని. అంత దూరం పోనక్కర్లేదు. మీ బాల్కనీలో కరివేపాకు కుండీ ఉంటే, ఆకులు కొరికే పచ్చ గొంగళిపురుగు కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుకది కావచ్చు. వాటిలో మగవి నల్లగా, కింది రెక్క మీద తెల్లమచ్చల వరసతో ఉంటాయి. ఆడవాటిలో చాలావాటికి ఎర్రమచ్చలు, అచ్చం విషం నింపుకున్న కామన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుకలా. మామిడిచెట్టు మీద ఎర్రచీమల మధ్య తిరిగే ఒక 'చీమ'ను దగ్గరగా చూడండి. ఒక్కోసారి అది సాలీడు. ఎనిమిది కాళ్లలో ముందు రెండూ పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తూ ఉంటుంది.

ఇక్కడ పక్షి ఏం చేస్తుందన్నది ముఖ్యం. అనుమానం వస్తే వదిలేస్తుంది. తినదగ్గదాన్ని పొరపాటున వదిలేస్తే పోయేది ఒక పూట తిండి. విషమున్నదాన్ని పొరపాటున పట్టుకుంటే ఏమవుతుందో దానికి తెలుసు. వేషం నిలబడేది ఆ భయం మీదే. మనిషి ఒక్కడే దాన్ని తిరగేస్తాడు. ఒక వీడియో చూసి, 'కట్లపాములా కనిపించే మంచి పాము ఒకటుంది' అని తెలుసుకుని, కనిపించిన ప్రతిదాన్నీ ఆ మంచి పాము ఖాతాలో వేస్తాడు. సగం చదువు తెచ్చిన ధైర్యం ఇది. తెలియనివాడు దూరం జరుగుతాడు, కొంచెం తెలిసినవాడు చెయ్యి పెడతాడు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అసలు నోటు చెలామణీలో ఉన్న ఊళ్లోనే దొంగనోటు చెల్లుతుంది. ప్రమాదకరమైన పాము ఉన్న చోటే దాని వేషం పనికొస్తుంది. అమెరికాలో విషమున్న కోరల్ స్నేక్‌ను పోలిన, విషం లేని కింగ్‌స్నేక్‌లు ఉన్నాయి. పరిశోధకులు మట్టిముద్దతో అలాంటి నకిలీ పాములు చేసి అడవుల్లో పెట్టారు. కోరల్ స్నేక్‌లు ఉన్న ప్రాంతంలో జంతువులు వాటి జోలికి పెద్దగా పోలేదు. అవి లేని ప్రాంతంలో బాగా కొరికాయి. 2001లో వచ్చిన పరిశోధన ఇది. కాబట్టి మీ కాలనీలో వుల్ఫ్ స్నేక్‌లు తరచూ కనబడుతున్నాయంటే ధైర్యం తెచ్చుకోకండి. అసలుది కూడా ఆ చుట్టుపక్కలే ఉందనుకోండి.

సరే, తేడాలు లేవా అంటే ఉన్నాయి. పెద్ద కట్లపాము నలుపు, నీలినలుపు. సన్నటి తెల్లకట్లు, చాలాసార్లు జంటలుగా. తల దగ్గర ఉండవు, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్ ఎక్కువగా గోధుమరంగు. మెడ దగ్గర కట్టు వెడల్పుగా మొదలై తోక వైపు పోయేకొద్దీ మాసిపోతుంది. కట్లపాము వీపు మధ్యలో ఆరు పలకల పెద్ద పొలుసుల వరస ఉంటుంది, రెండోదానికి ఉండదు. కాగితం మీద ఎంత సులువో చూశారా? ఇప్పుడు కరెంటు పోయిన రాత్రి తడి మెట్ల మీద సెల్‌ఫోన్ లైటులో చూడండి. కట్లపాము పిల్లకు కట్లు మెడ దాకా ఉండొచ్చు. కట్లు అసలే కనిపించని కట్లపాములూ ఉంటాయి. ముదురు రంగు వుల్ఫ్ స్నేక్‌లూ ఉంటాయి. పొలుసులు లెక్కపెట్టేంత దగ్గరకు తల పెట్టాలంటే అప్పటికే కాటు అందే దూరంలో ఉన్నట్టు.

తల త్రికోణంగా ఉంటేనే విషమని ఇప్పటికీ చెబుతుంటారు. కట్లపాము తల త్రికోణం కాదు. భయపడినప్పుడు తల, మెడ వెడల్పు చేసే విషం లేని పాములు బోలెడు. రెండు గాట్లు పడితేనే విషమంటారు. వుల్ఫ్ స్నేక్‌కు ముందు పళ్లు పొడుగ్గా ఉంటాయి, అదీ రెండు గాట్లు పెట్టగలదు. కట్లపాము కాటుకు చాలాసార్లు గాటే కనబడదు. వాపు రాదు, మంట ఉండదు.

ఇంత తెలిసినవాళ్లే మోసపోయారు. జో స్లోవిన్‌స్కీ అమెరికాలో పేరున్న పాముల శాస్త్రవేత్త, నాగుపాముల్లో ఒక కొత్త జాతిని లోకానికి చెప్పినవాళ్లలో ఒకడు. 2001 సెప్టెంబరు 11న మయన్మార్ ఉత్తర కొండల్లో సహాయకుడు ఒక సంచి అందించాడు. లోపలున్నది కట్లపామును పోలిన విషం లేని పాము అనుకున్నారు. స్లోవిన్‌స్కీ సంచిలో చెయ్యి పెట్టాడు. అది నిజమైన కట్లపాము జాతిదే. శ్వాస ఆగిపోతుంటే తోటివాళ్లు నోటితో ఊపిరి ఊదుతూ గంటల తరబడి పోరాడారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ చేరలేదు. మర్నాడు చనిపోయాడు. వయసు 38. ఆయనకు దొరకనిది చెన్నైలో మనకు దొరుకుతుంది: యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు), వెంటిలేటర్, రోడ్డు. అది దొరికే ఊళ్లో ఉండి కూడా పేరు తేల్చుకుంటూ టైమ్ పోగొట్టుకుంటే ఏమనాలి?

పేరు డాక్టరుకు అవసరం లేదు. మన దేశంలో ఇచ్చే యాంటీవీనమ్ ఒక్కటే మందు, నాలుగు పాముల మీద పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. దానికి కావలసిన విషంలో చాలా భాగం ఇక్కడికి దగ్గర్లోనే, వడనెమ్మేలిలో, పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం తీసి ఇస్తోంది. ఆ సంఘం 1978లో ఏర్పడింది. ఇరుళ గిరిజనుల్లో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. డాక్టర్లు లక్షణాలు చూస్తారు. రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాల్లో గడ్డకడుతుందా లేదా చూస్తారు. విషం ఎక్కిన లక్షణం లేకపోతే మందు ఇవ్వరు, 24 గంటలు గమనిస్తారు. కాబట్టి 'అనవసరంగా ఇంజెక్షన్ పొడిచేస్తారేమో' అన్న టెన్షన్ వద్దు.

ఆలస్యం ఎందుకు చంపుతుందో చెబుతాను. కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. అవి ఒకసారి పాడయ్యాక మందు వాటిని బాగుచేయలేదు, ఇంకా ఒంట్లో తిరుగుతున్న విషాన్ని మాత్రమే ఆపగలదు. ముందు కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. ఇవి మొదలవడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. రెండు గంటలైనా ఏమీ కాలేదు, విషం లేనిదే అయ్యుంటుంది అనే మాట నేను విన్నన్నిసార్లు ఎవరూ వినకూడదు. పాము పేరు తేల్చే పని మీది కాదు.

ఇక ఇంట్లో. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. వాన రోజుల్లో మంచం మీద పడుకోండి. నేల తప్పకపోతే దోమతెర కట్టి అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపండి. దోమల కోసం కట్టిన తెర పామునూ ఆపుతుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి బిల్డింగ్ పనుల దగ్గర రేకుల షెడ్లలో పడుకునే మనవాళ్లకు ఇది తప్పక చెప్పండి. మీ మేస్త్రీకి ఈ వారమే నాలుగు దోమతెరలు కొనివ్వగలిగితే ఇంకా మంచిది.

తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయించండి. ఎలుకలు, బల్లులు ఉన్న ఇంటికి వాటిని తినేవి వస్తాయి, కాబట్టి చెత్త, పాత అట్టపెట్టెలు, మెట్ల కింద ఇటుకలు తీసేయండి. వుల్ఫ్ స్నేక్ గోడలు బాగా ఎక్కుతుంది, మొదటి అంతస్తులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అయితే గోడ ఎక్కింది కాబట్టి వుల్ఫ్ స్నేకే అని మాత్రం అనకండి.

నీళ్లు నిలిచిన వీధిలో ఎక్కువగా కనిపించేది నీళ్ల పాము. విషం లేదు, కానీ కోపం వస్తే మెడ పలచగా చేసి నాగుపాములా లేస్తుంది. అది నీళ్ల పామేనని మీరు తేల్చుకోనక్కర్లేదు. దూరం జరగండి.

కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరను ఎత్తినవాళ్లు ఉన్నారు. ఏ పాము పిల్లనూ ఎత్తకండి.

చచ్చినట్టు పడి ఉన్నదాన్ని కాలితో కదపకండి.

రాత్రి బాత్రూమ్‌కు వెళ్లినా లైటు వేయండి.

షూ, హెల్మెట్ దులిపి వేసుకోండి.

పాము కనిపిస్తే అటవీ శాఖకో, ఫైర్ సర్వీస్ 101కో ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి చూస్తూ ఉండండి, మూలకు తరమకండి.

వీడియో తీయడానికి దగ్గరకు వెళ్లకండి.

కరిస్తే ఫొటో గ్రూపులో పెట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. జవాబిచ్చేవాడికి మీ ప్రాణం మీద బాధ్యత లేదు. పామును చంపి సంచిలో తేకండి, తెగిన తల కూడా కాటేయగలదు.

కట్టు బిగించకండి. కోయకండి, పీల్చకండి, ఐస్ పెట్టకండి, ఆకుపసరు వద్దు, మంత్రం వద్దు.

ఉంగరం, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి. వాపు వస్తే తర్వాత రావు.

కరిచిన చేయి, కాలు కదలకుండా ఎముక విరిగినప్పుడు కట్టినట్టు చెక్కకు వదులుగా కట్టండి. నడిపించకండి, మోయండి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

కాటు పడిన టైమ్ చేతి మీద పెన్నుతో రాయండి. రెప్పలు వాలడం మొదలైన టైమ్ కూడా.

చిన్నపిల్ల కదా, మందు తక్కువ ఇవ్వమని అడగకండి. కాటేసింది చిన్నపిల్లనని పాము విషం తక్కువ పోయదు, అందుకే డోసు పెద్దలతో సమానం.

నేల మీద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు బరువు అంటే గ్యాస్ మాత్ర ఇవ్వకండి. పాము కనబడకపోయినా, గాటు కనబడకపోయినా తీసుకురండి. 24 గంటలు కాకముందే డిశ్చార్జ్ కోసం గొడవపడకండి.

వానలో 108 ఆలస్యమైతే ఆగకండి, ఆటో ఎక్కించండి. ఏ ఆసుపత్రికి అన్నది ఇవాళే తేల్చుకోండి: మీ ఇంటికి దగ్గరున్న రెండింటికి ఫోన్ చేసి యాంటీవీనమ్, వెంటిలేటర్ రాత్రిపూట ఉంటాయా అని అడిగి, ఉన్నదాని నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి. పనిమనిషికి, వాచ్‌మన్‌కు కూడా ఇవ్వండి.