డ్రెయిన్ బోల్టు మరలు చెడకుండా
దేవరకొండ రోడ్డు దుమ్ములో తిరిగే బైకుకు ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవారు డ్రెయిన్ బోల్టు, అంటే పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున ఉండే బోల్టు, దగ్గర కాస్త ఓపిక పట్టాలి. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజన్ కేసు మెత్తని అల్యూమినియంది కనుక బలం ఎక్కువైతే తెగేది కేసులోని మరలే. పాత ఆయిల్ దించాక బోల్టుకు అంటిన మట్టిని గుడ్డతో తుడిచి, తిరిగి దాని రంధ్రంలో పెట్టి, వేళ్లతోనే ముందుగా విప్పే వైపుకు మెల్లగా తిప్పితే మర మరలో కూర్చున్నట్లు చిన్న 'టిక్' తెలుస్తుంది; అక్కడి నుంచి బిగించే వైపుకు మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కించి, ఆ తర్వాతే పానా పట్టాలి. వేళ్లకు గట్టిగా తగిలితే బోల్టు వంకరగా ఎక్కుతున్నట్టే, వెంటనే విప్పాలి. నల్లగొండలో ఒక మెకానిక్ పొడవాటి రాడ్డుతో బిగించిన పుణ్యాన నేను కేసుకు కొత్త మరలు కోయించుకోవలసి వచ్చింది. వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. నలిగిన పాతదాని నుంచి ఆయిల్ కారితే బోల్టును ఇంకా బిగించాలనే బుద్ధి పుడుతుంది.