సెడమ్ కొంటున్నారా, ముందు అసలు పేరు కనుక్కోండి

సెడమ్ అంటే ఆకుల్లో నీళ్లు దాచుకునే దళసరి ఆకుల మొక్క, ఇంగ్లీషులో స్టోన్‌క్రాప్ అంటారు. నర్సరీలో ఆ పేరు చెప్పి అడిగితే ఏదో ఒక సెడమ్ తెచ్చి చేతిలో పెడతారు, కానీ సెడమ్‌లలో 400కి పైగా జాతులున్నాయండి, ముద్దుపేర్లేమో ఇంకా ఎక్కువ, ఒకే పేరు రెండు మొక్కలకి కూడా ఉంటుంది. డాంకీ టెయిల్ అని నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వచ్చింది బరీటో అనే ఇంకో సెడమ్. రెండూ జడలా కిందికి వేలాడేవే, డాంకీ టెయిల్ (అసలు పేరు సెడమ్ మోర్గానియానమ్) ఆకు చివర కోసుగా ఉంటుంది, బరీటోది గుండ్రంగా బొద్దుగా ఉంటుంది, అదే గుర్తు.

హైదరాబాద్ లాంటి చోట మొదటిసారి పెంచేవాళ్లు జెల్లీ బీన్ తీసుకోండి, అసలు పేరు సెడమ్ రుబ్రోటింక్టమ్, ఎండ బాగా తగిలితే ఆకుల చివర్లు ఎర్రబడి ఎంత ముద్దొస్తుందో. ఆటమ్ జాయ్ జోలికి మాత్రం వెళ్లకండి, అది చలి దేశాల మొక్క, పైగా ఇప్పుడు దాన్ని సెడమ్‌లోంచి తీసేసి హైలోటెలిఫియమ్ అనే వేరే ప్రజాతిలో కలిపేశారు.

మన పెరట్లో రణపాల ఉంటుంది కదా, ఇవన్నీ దాని చుట్టాలే, ఒకే కుటుంబం. సామర్లకోట తోటలో పనిచేసిన బెంజమిన్ హైన్ అనే ఆయన రణపాల ఆకు పొద్దున్నే పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుందని రాస్తే 1815లో అచ్చయింది. ఎందుకంటే ఈ మొక్కలు ఆకు రంధ్రాలు రాత్రిపూట తెరిచి గాలి తీసుకుని దాన్ని పులుపుగా దాచుకుంటాయి, పగలు ఎండలో మూసేసుకుంటాయి కాబట్టి నీళ్లు పెద్దగా పోవు. అందుకే రోజూ పోస్తే చచ్చిపోతాయి.

మట్టిలో సగం ముతక ఇసుక, కొంచెం ఇటుక ముక్కలు కలపండి, కుండీకి కింద చిల్లు తప్పనిసరి. మట్టి లోపలిదాకా ఎండాకే నీళ్లు. ఆకు ముడతలు పడితే దాహం, పసుపు తిరిగి మెత్తబడితే నీళ్లెక్కువై కుళ్లుతోందని. వానాకాలం చూరు కిందకి జరపండి, మే ఎండలో మధ్యాహ్నం కాస్త నీడ.

పిల్ల మొక్కలు కావాలంటే ఆకుని మొదలుతో సహా ఊడేలా మెల్లగా తిప్పి తీయండి, నీడలో రెండుమూడు రోజులు ఆరనిచ్చి పొడి మట్టి మీద ఊరికే పెట్టండి, పాతొద్దు. వేళ్లు కనపడ్డాక కొంచెం తడపండి. పిల్ల వచ్చింది కదా అని తల్లి ఆకుని పీకేయకండి, అది ఎండి తనంతట తను రాలేదాకా పిల్లకి తిండీ నీళ్లూ దాన్నుంచే.