పాత స్పీకర్లకు కొత్త ఏవీ రిసీవర్ ఎంచుకోవడం ఎలా?

టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె, అంటే ఏవీ రిసీవర్, పోయినా స్పీకర్లు బాగుంటే సెట్టంతా మార్చక్కర్లేదు. కానీ షాపులో "ఎన్ని వాట్లు?" అని మొదలుపెట్టారో, మీకు పనికిరాని పెట్టె అంటగడతారు. లెక్క స్పీకర్ వెనక స్టిక్కర్ దగ్గర మొదలవ్వాలి.

ముందు ఆ స్టిక్కర్లన్నీ ఫొటో తీసుకోండి. ఓమ్‌లు (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం), సెన్సిటివిటీ (ఒక వాట్‌కు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్, అంటే డీబీ, శబ్దం వస్తుందన్న అంకె) కావాలి. సోఫా నుంచి ముందు స్పీకర్లకు దూరం టేపుతో కొలవండి. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) ఉంటే 5.1 చాలు. సీలింగ్‌కు రెండు బిగించే ఉద్దేశం ఉంటేనే 7.2 (ఏడు స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్ల దాకా) తీసుకోండి. టీవీ కోసం ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే రిసీవర్‌కు తెచ్చే సదుపాయం) ఉందో లేదో చూడండి, అంతే.

అసలు చిక్కు ఓమ్‌లతోనే. 8 ఓమ్‌ల చోట 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే అదే వాల్యూమ్‌లో రిసీవర్ రెట్టింపు కరెంటు ఇవ్వాలి. ఇవ్వలేని రిసీవర్ వేడెక్కి, సరిగ్గా ఫైట్ సీన్‌లో ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అంటే తనను కాపాడుకోవడానికి తనంతట తానే, ఆగిపోతుంది. రిసీవర్ వెనక స్పీకర్ టెర్మినళ్ల పక్కన "6–16" అనో "4–16" అనో రాసి ఉంటుంది. మీ స్పీకర్లలో అన్నిటికన్నా తక్కువ ఓమ్‌లున్నది ఆ హద్దులో ఉండాలి. స్టిక్కర్ చెరిగిపోతే వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టండి. 5.5 నుంచి 7 వరకు చూపిస్తే 8 ఓమ్‌ల స్పీకర్, 3 నుంచి 3.5 చూపిస్తే 4 ఓమ్‌లది. మీటర్ రీడింగ్ ఎప్పుడూ రాసిన అంకె కన్నా కాస్త తక్కువే వస్తుంది, కంగారు పడొద్దు.

మెనూలో 4 ఓమ్‌ల సెట్టింగ్ ఉంది కదా అని చవక రిసీవర్ కొనకండి. అది ఆంప్లిఫయర్‌కు బలం ఇవ్వదు, వేడి తగ్గించడానికి పవర్ కోస్తుంది. హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో ఒకటి కలిపి ఒకే టెర్మినల్‌కు తగిలించడం ఇంకో పొరపాటు. రెండు 8 ఓమ్‌లు కలిసి 4 అవుతాయి.

డీవీడీ ప్లేయర్‌తో ఒకే డబ్బాలో వచ్చిన పాత సెట్ల స్పీకర్లు చాలావరకు తక్కువ ఓమ్‌లవి, 3 ఓమ్‌లవి కూడా ఉంటాయి. వాటి సబ్‌వూఫర్‌లో సాధారణంగా ఆంప్లిఫయర్ ఉండదు. మామూలు రిసీవర్ సబ్‌వూఫర్ సాకెట్ నుంచి వచ్చేది ఉత్త సిగ్నలే, దాంతో అది మోగదు. అలాంటి సెట్టుకు రిసీవర్ వెతకడం మానేసి, స్పీకర్లే మార్చండి.

ఇక వాట్లు. స్పీకర్ మీద 100 వాట్లుంటే 100 వాట్ల రిసీవరే కావాలనే సలహా తప్పు. ఆ అంకె స్పీకర్ తట్టుకునే హద్దు. సెన్సిటివిటీతో లెక్కేయడమే సరైన పద్ధతి. 3 మీటర్ల దూరంలో 95 డెసిబెల్స్ వినిపించాలంటే, గోడల ప్రతిధ్వని కలపకుండా, 86 డీబీ స్పీకర్‌కు దాదాపు 70 వాట్లు కావాలి. 92 డీబీ స్పీకర్‌కైతే 18 చాలు. డబ్బా మీది పెద్ద అంకె సాధారణంగా ఒకే ఛానల్‌కు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10% దాకా డిస్టార్షన్‌తో (శబ్దం చెడిపోవడంతో) కొలిచింది. దాన్ని వదిలేసి, రెండు ఛానళ్లకు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 8 ఓమ్‌ల దగ్గర ఇచ్చిన అంకె చదవండి. ఛానల్‌కు 80 వాట్లు నిజంగా ఇచ్చేది మామూలు హాలుకు సరిపోతుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకునే ఆలోచన ఉంటే వద్దు. అక్కడి మోడళ్లు 120 వోల్టులవి, మన 230లో నేరుగా పెడితే కాలిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, దాని గుయ్‌మనే శబ్దం కలుపుకుంటే మిగిలేదేమీ లేదు.

తెచ్చాక పైన కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టొద్దు. మైకు సెటప్ (రిసీవర్‌తో వచ్చే మైకుతో అది స్పీకర్లను తానే సరిచేసుకోవడం) అయ్యాక మెనూలో స్పీకర్లు "స్మాల్"లో, క్రాసోవర్ (దానికన్నా కిందున్న బేస్ సబ్‌వూఫర్‌కు వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉన్నాయో లేదో చూడండి. రిసీవర్ తనంతట తాను "లార్జ్" పెట్టి ఉంటే మార్చేయండి. లేకపోతే సబ్‌వూఫర్ మోయాల్సిన బేస్ ఆ చిన్న స్పీకర్ల మీద పడుతుంది.